పొలాలకి విలువ కట్టే పనిలో ఉన్నవాళ్లకి సీఏఏవీ మెంబర్‌షిప్ నిజంగా అవసరమా?

గడ్డివాము (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఒక రూరల్ సర్వేయింగ్ ఆఫీసులో ట్రైనీగా చేరి 14 నెలలైంది. అగ్రికల్చర్ డిగ్రీ చేసి ఇక్కడికొచ్చి రూరల్ ఎస్టేట్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేశాను. ఇప్పుడు ఆర్‌ఐసీఎస్ (చార్టర్డ్ సర్వేయర్ల సంస్థ) వాళ్ల ఏపీసీకి, అంటే అందులో సభ్యత్వం ఇచ్చే పరీక్షకి తయారవుతున్నాను, పగలు ఆఫీసు, రాత్రి డైరీ రాసుకోవడం, దానికే టైమ్ చాలట్లేదు. ఈలోపు మా పార్ట్‌నర్ పిలిచి "సీఏఏవీకి కూడా ప్రొబేషనర్‌గా పేరు ఇచ్చెయ్, ఆ పరీక్ష కూడా రాయాల్సిందే" అన్నారు. సెంట్రల్ అసోసియేషన్ ఆఫ్ అగ్రికల్చరల్ వాల్యూయర్స్ అంటే ఏంటో పేరువరకు తెలుసు. కానీ ఆర్‌ఐసీఎస్ ఉండగా మళ్లీ ఇదెందుకు? రెండు ఫీజులు, రెండు పరీక్షలు. పేరు పక్కన ఇంకో నాలుగు అక్షరాలు తప్ప ఇలాంటి సంఘం చేసేదేంటి?

ఇది అడగడానికి ఒక కారణం ఉంది. మొన్న మైకల్‌మస్‌కి, అంటే సెప్టెంబర్ 29న, ఒక పాత కౌలు ముగిసింది. మా సార్ వెళ్లిపోతున్న కౌలుదారు తరఫున, వేరే ఆఫీసు నుంచి వచ్చినాయన భూమి యజమాని తరఫున. టేపు పట్టుకునే పని నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొలమంతా తిరిగారు. రెండు విషయాల దగ్గర గట్టిగానే వాదించుకున్నారు, ఒకటి గేట్ల రిపేరు, రెండోది ఒక చేలో పెరిగిన కలుపు. మిగతా పది పదిహేను ఐటమ్స్ మాత్రం ఇద్దరూ బానెట్ మీద ఒకే పుస్తకం తెరిచి అరగంటలో తేల్చేశారు. నాకు అర్థం కాలేదు. ఎదురెదురు పక్షాల మనుషులు అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారు?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మట్టిచేతులు

గడ్డివాము గారూ, మీరు చూసిన ఆ పుస్తకంలోనే మీ ప్రశ్నకి సగం జవాబు ఉంది.

నేను ఈ పనిలోకి వచ్చి 16 ఏళ్లయింది, ఎఫ్‌ఏఏవీ, అంటే సీఏఏవీ పరీక్ష పాసైన ఫెలో అయి 11 ఏళ్లు. అది బహుశా సీఏఏవీ ఏటా వేసే కాస్టింగ్స్ అయ్యుంటుంది. ఎకరం దున్నడానికి ఎంత, డిస్కు తోలడానికి ఎంత, విత్తడానికి ఎంత, మందు కొట్టడానికి ఎంత అని ఆ ఏడాది ఖర్చులు అందులో ఉంటాయి. వెళ్లిపోయే కౌలుదారు ఆఖరి నెలల్లో దుక్కి దున్ని విత్తనం వేశాడనుకోండి, ఆ పంట కోసుకునేది కొత్తవాడు. పెట్టిన ఖర్చు పాతవాడికి తిరిగి రావాలి కదా. ఎంత రావాలి అన్నదానికి ఇద్దరు వాల్యూయర్లూ తలో లెక్క వేస్తే అది ఎప్పటికీ తేలదు. ఏ పక్షానికీ చెందని ఒకే పట్టిక ముందుంటే, అప్పుడు మాట్లాడుకోవాల్సింది ఈ పొలంలో నిజంగా ఎన్ని సార్లు దున్నారు, ఎన్ని ఎకరాలు విత్తారు అన్నదే.

ఎరువుల లెక్క ఇంకా ముఖ్యం. కౌలుదారు ఆఖరి ఏడు సున్నం చల్లాడు. సున్నం ఒక్క పంటతో అయిపోదు, కొన్నేళ్లు నేలలో పనిచేస్తుంది. ఫాస్ఫేటు, పొటాషు కూడా కొంత మిగులుతాయి. నత్రజని నిలవదు, పైరు తీసుకోగా మిగిలింది వానకి కొట్టుకుపోతుంది. బయటినుంచి దాణా కొని పశువులకి పెడితే, ఆ పేడ ద్వారా నేలకి చేరిన సత్తువకీ ఒక విలువ ఉంది. ఇదంతా కంటికి కనపడేది కాదు. గట్టు మీద నిలబడి చూస్తే నల్లగా మట్టి, అంతే. కానీ అందులో ఒకాయన డబ్బు ఉంది, ఆయన దాన్ని తవ్వి తీసుకుపోలేడు. ఈ మిగులు సత్తువ మొదటి ఏడాది ఎంత, రెండో ఏడాది ఎంత అని లెక్కకట్టే పట్టికలు కూడా సీఏఏవీవే.

దీని వెనక చరిత్ర తెలిస్తే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ పొలాల్లో ఎక్కువ భాగం కౌలువే. కౌలుదారు నేలని బాగుచేసి పోతే ఆ లాభం యజమానికి పోయేది. కొన్ని కౌంటీల్లో ఆచారం కాపాడేది, లింకన్‌షైర్ ఆచారం అందులో పేరున్నది. మిగతా చోట్ల ఏమీ లేదు. 1875లో చట్టం తెచ్చారు కానీ "ఇది మా ఒప్పందానికి వర్తించదు" అని యజమాని ఒక వాక్యం రాయించుకుంటే అయిపోయేది. 1883 చట్టంతో ఆ దారి మూశారు. అప్పుడు ప్రతి కౌలు ముగింపుకీ విలువ కట్టే మనిషి కావాల్సి వచ్చింది, ఏ కౌంటీ వాల్యూయర్లది ఆ కౌంటీ పద్ధతి. కౌంటీ సరిహద్దు దాటితే ఇక్కడి లెక్క అక్కడ చెల్లదు. ఆ స్థానిక సంఘాలన్నీ కలిసి 1910లో పెట్టుకున్నదే ఈ సెంట్రల్ అసోసియేషన్. పేరులో సెంట్రల్ ఉన్నది అందుకే. ఇప్పటికీ స్థానిక సంఘాలు ఉన్నాయి, మీరు చేరితే మీ ఏరియా సంఘంలోనే మీటింగులకి వెళ్తారు.

ఆ స్థానిక మీటింగుల సంగతి తక్కువగా చూడకండి. నా మూడో ఏడాదిలో ఒక రైతు పొలం గుండా నీళ్ల పైపులైను వేశారు. పైపు కంపెనీ ఒక సీజన్ పంట నష్టం లెక్కేసి కాగితం పంపింది, అంకె చూస్తే బాగానే అనిపించింది, నేను దాదాపు ఒప్పుకునేలా ఉన్నాను. సంఘం మీటింగులో పరిచయమైన ఒక పెద్దాయనకి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగారు: "పై మట్టి, అడుగు మట్టి వేరువేరు కుప్పలుగా పోశారా, కలిపేశారా?" వెళ్లి చూశాను. కలిపేశారు. ఎర్రటి అడుగు బంకమన్ను పైకి తేలి ఉంది, దాని మీద డిగ్గర్లు తిరిగి గట్టిపడిపోయింది. నేల కింద ఉన్న పాత మట్టి డ్రెయిను గొట్టాలు మూడు చోట్ల తెగి, ఆ చివర నీళ్లు నిలిచి ఉన్నాయి. అలాంటి నేల ఒక్క సీజన్‌లో కోలుకోదు, నాలుగైదు పంటలు దెబ్బతింటాయి. తర్వాతి ఏళ్ల నష్టం, డ్రెయినేజీ రిపేరు కలిపి మళ్లీ క్లెయిమ్ వేశాం. పని మొదలుకాకముందే పొలం ఎలా ఉందో ఫొటోలతో రికార్డు చేసి పెట్టుకోవాలని కూడా ఆయనే చెప్పారు. అప్పటినుంచి అది లేకుండా నేను ఏ సంతకమూ పెట్టనివ్వలేదు. ఆ ఫోన్ కాల్ లేకపోతే ఆ రైతు కుటుంబానికి నా వల్ల నష్టం జరిగేది, అది నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

గడ్డివాము

థాంక్యూ అండీ, చాలా ఓపిగ్గా రాశారు. కానీ ఇవన్నీ కౌలు ముగింపులు, పైపులైన్ల కథలు. ఇప్పుడు కొత్త కౌళ్లన్నీ 1995 చట్టం కింద ఎఫ్‌బీటీలే (ఫామ్ బిజినెస్ టెనెన్సీలు) కదా, పాత 1986 చట్టం కౌళ్లు తగ్గిపోతున్నాయి. వాల్యుయేషన్ ప్రమాణాలకి ఆర్‌ఐసీఎస్ రెడ్ బుక్ ఉంది. బ్యాంకులు అడిగేది కూడా అదే. మరి ఈ సంఘం పని రానురాను తగ్గిపోతున్నట్టే కదా?

లెక్కల పుస్తకం

తమ్ముడూ, తగ్గలేదు, పెరిగింది. నేను పన్నుల కోసం చేసే వాల్యుయేషన్లే ఎక్కువ చూస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

రెడ్ బుక్ ఏం చెప్తుంది? మార్కెట్ విలువ అంటే ఏంటి, రిపోర్టులో ఏమేం ఉండాలి, నీకు ఆ క్లయింటుతో ఏ సంబంధమూ లేదని ఎలా చూపించాలి, ఇవి చెప్తుంది. అవి కావాల్సినవే, నేనూ ఎంఆర్‌ఐసీఎస్‌నే (ఆర్‌ఐసీఎస్ మెంబర్‌ని). కానీ ఆవులపాకలో నిలబడి పశువులకి విలువ ఎలా కట్టాలో అది నేర్పదు. చిన్న ఉదాహరణ. రైతు ఏడాది చివర లెక్కలకి స్టాక్ వాల్యుయేషన్ కావాలి. ఇంట్లో పుట్టి పెరిగిన పశువుకి అయిన ఖర్చు విడిగా తేల్చలేకపోతే, మార్కెట్ ధరలో 60 శాతాన్ని ఖర్చుగా తీసుకోవడానికి పన్ను శాఖ ఒప్పుకుంటుంది, గొర్రెలకీ పందులకీ 75 శాతం. ఆ శాతం కట్టడానికి ముందు అసలు మార్కెట్ ధర ఎంతో చెప్పగలగాలి. మందలో ఈ కోడెదూడ ఎంత బరువుంటుంది, ఇంకెన్ని నెలలకి అమ్మకానికి వస్తుంది అని కంటితో చూసి చెప్పాలి. ఇక సైలేజ్ (పులియబెట్టి నిల్వచేసే పచ్చిమేత) పాతర. పొడవు, సగటు వెడల్పు, అణిగిన తర్వాతి ఎత్తు కొలవాలి. చివర్లలో ఏటవాలుగా ఉంటుంది, దాన్ని పూర్తి ఎత్తు కింద లెక్కేస్తే టన్నులు పెరిగిపోతాయి. తర్వాత గడ్డిలో ఎండు పదార్థం ఎంత శాతమో చూసి సాంద్రత ఎంచుకోవాలి, తడి ఎక్కువైతే బరువు ఎక్కువ, మేత విలువ తక్కువ. ఇవి సీఏఏవీ పరీక్షకి చదివేవాళ్లు నేర్చుకునే విషయాలు.

ఇప్పుడు అసలైన పెద్ద విషయం, వారసత్వ పన్ను. వ్యవసాయ భూమికి ఇచ్చే రిలీఫ్, అంటే పన్ను మినహాయింపు, "వ్యవసాయ విలువ" వరకే. 1984 చట్టం ప్రకారం, ఆ భూమిని ఎప్పటికీ వ్యవసాయానికి తప్ప వేరే దేనికీ వాడకూడదనే షరతు ఉన్నట్టు ఊహించి కట్టే విలువ అది. ఇళ్ల స్థలాలుగా మారుతుందన్న ఆశ వల్ల మార్కెట్‌లో వచ్చే అదనం అందులోకి రాదు. ఫామ్‌హౌస్ దగ్గర ఇది ఇంకా చిక్కు. ఆంట్రోబస్ కేసులో 2005లో ల్యాండ్స్ ట్రిబ్యునల్ ఆ ఇంటి వ్యవసాయ విలువని మార్కెట్ విలువ కంటే 30 శాతం తక్కువగా తేల్చింది. అప్పటినుంచి ప్రతి ఫామ్‌హౌస్‌కీ ఆ 30 మీదే బేరం నడుస్తుంది, ఎందుకు ఎక్కువ, ఎందుకు తక్కువ అని చెప్పుకోవాల్సింది మనమే.

2024 అక్టోబర్ 30 బడ్జెట్‌లో పది లక్షల పౌండ్లు దాటిన దానికి సగం రిలీఫే అని ప్రకటించారు కదా, 2026 ఏప్రిల్ నుంచి అమలు అని. దెబ్బ తగిలేది ఏటా సుమారు 500 ఎస్టేట్లకే అని ప్రభుత్వం చెప్పింది. సీఏఏవీ వాళ్లు వేరే విధంగా లెక్క వేశారు, ఒక తరం మొత్తమ్మీద చూస్తే 75,000 మంది దాకా భూమి యజమానుల మీద పడుతుందని. ఒకటి ఒక్క ఏడాది లెక్క, ఇంకోటి తరం లెక్క, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే రైతు ఇంట్లో ఎందుకంత టెన్షనో తెలుస్తుంది. 2025 డిసెంబర్‌లో ఆ హద్దుని 25 లక్షల పౌండ్లకి పెంచుతున్నామన్నారు. దానికి రైతుల ఆందోళన, ఎంపీల ఒత్తిడి, చాలా కారణాలున్నాయి, అంతా ఈ సంఘం ఘనత అనను. కానీ ఊళ్లో పొలం విలువ కట్టే మనిషికి తెలిసిన సంగతి లండన్‌లో చట్టం రాసేవాళ్ల బల్ల మీదికి అంకెల రూపంలో చేరాలంటే, ఎవరో ఒకరు కూర్చుని ఆ పని చేయాలి. ఈ సంఘం చిన్నదైనా ఆ పని చేస్తుంది, సభ్యులు మొత్తం మూడు వేల చిల్లరే.

ఇంకో సంగతి, ఇది నా మనసులో ఉన్నది. కొన్నేళ్ల కింద ఒక విధవరాలు నా దగ్గరికొచ్చింది. భర్త పోయాక ప్రొబేట్ (చనిపోయినవాళ్ల ఆస్తి పంచడానికి తీసుకునే కోర్టు అనుమతి) కోసం ఇళ్ల వాల్యుయేషన్ చేసే ఒకాయనతో పొలం, ఇల్లు మొత్తానికి ఒకే అంకె రాయించుకుంది. వ్యవసాయ విలువ విడిగా లేదు, పొలంలో ఏ భాగం గుర్రాల మేతకి ఇచ్చారో లేదు, పక్క రైతుకి ఇచ్చిన గడ్డి ఒప్పందం ఊసే లేదు. పన్ను శాఖ నుంచి ప్రశ్నలు మొదలయ్యాక ఏడాదిన్నర పట్టింది దాన్ని సరిచేయడానికి. ఆవిడ ప్రతి ఉత్తరానికీ భయపడేది. అగ్రికల్చరల్ వాల్యూయర్ అని బోర్డు పెట్టుకోకుండా ఇక్కడ ఏ చట్టమూ ఎవరినీ ఆపదు. అందుకే ఆ నాలుగు అక్షరాలు అలంకారం కాదు తమ్ముడూ. ఈ మనిషి పొలం తెలిసినవాడని రైతుకి తెలిసే గుర్తు అది.

ఏటిగట్టు

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి.

నాకు ఎంఆర్‌ఐసీఎస్ మాత్రమే ఉంది. 9 ఏళ్లుగా పెద్ద ఎస్టేట్ల పని, బ్యాంకు లోన్ల వాల్యుయేషన్లు చేస్తున్నాను, ఎవరూ ఎఫ్‌ఏఏవీ ఉందా అని అడగలేదు. మీరు చేసే పని ఎక్కువగా ఇళ్లు, కమర్షియల్, ఎస్టేట్ మేనేజ్‌మెంట్ అయితే ముందు ఏపీసీ పూర్తిచేయండి, రెండూ ఒకేసారి నెత్తిమీద పెట్టుకుని రెండూ పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

ఇంకో సందేహం కూడా ఉంది. అందరూ ఒకే సంఘం, ఒకే మీటింగుల్లో టీ తాగేవాళ్లు. ఇవాళ మీరు కౌలుదారు తరఫున, రేపు యజమాని తరఫున, ఎల్లుండి ఇద్దరికీ మధ్యవర్తి. రైతు దృష్టిలో ఇది ఎలా కనపడుతుంది? "వీళ్లూ వీళ్లూ ఒకటే" అని ఒక రైతు నా ముందే అన్నాడు. ఆ మాటకి నా దగ్గర మంచి జవాబు లేదు.

మట్టిచేతులు

ఏటిగట్టు గారూ, ఏపీసీ ముందు అన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను, బ్యాంకు పని చేసేవాళ్లకి అది తప్పదు.

రెండోదానికి నా అనుభవం చెప్తాను. మొదట్లో నాకూ ఇదే అనిపించింది. కానీ ఒకరికొకరు తెలియకపోతే రైతుకి మేలు జరుగుతుందా అని ఆలోచించండి. నాకు తెలియని వాల్యూయర్ ఎదురుగా వస్తే నేను మొదటి రెండు గంటలూ ఆయన అంకెల వెనక ఏం దాచాడా అని చూస్తాను, ఆయన కూడా అంతే. ఆ గంటల ఫీజు కట్టేది రైతే. తెలిసినాయనైతే ఒక్కసారి అబద్ధపు కొలత చెప్తే తర్వాత పాతికేళ్లు ఆ కౌంటీలో ఆయన కొలత ఎవరూ నమ్మరని ఆయనకి తెలుసు. చిన్న లోకం కాబట్టే పరువు భయం ఉంటుంది. అలాగని ఇది అన్ని చోట్లా సరిపోతుందని అనను. మధ్యవర్తి విషయంలో మీరన్నది నిజమే, అక్కడ ఇంతకుముందు ఏ పక్షంతోనైనా పని చేశారా అని రాతపూర్వకంగా చెప్పాల్సిందే, చెప్పకపోతే ఆ నియామకం తీసుకోకూడదు.

మధ్యవర్తుల మాట వచ్చింది కాబట్టి, గడ్డివాము గారూ, ఇది రాసి పెట్టుకోండి, పరీక్షలో పనికొస్తుంది. రెండు పక్షాలూ మధ్యవర్తి మీద ఒప్పుకోకపోతే ఇదివరకు ఆర్‌ఐసీఎస్ ప్రెసిడెంట్ నియమించేవారు. 2020 వ్యవసాయ చట్టం తర్వాత సీఏఏవీ ప్రెసిడెంట్‌నీ, అగ్రికల్చరల్ లా అసోసియేషన్ ఛైర్‌నీ కూడా అడగొచ్చు. అంటే సంఘానికి చట్టంలోనే ఒక పని అప్పగించారు. ఎఫ్‌బీటీలు వచ్చాక పని తగ్గిందని మీరన్నారు, నిజానికి అవి చిన్న చిన్న గడువులవి కాబట్టి కౌళ్లు తరచుగా చేతులు మారుతున్నాయి, ఏటా ఎంత భూమి ఏ షరతులతో మారిందో సీఏఏవీ సర్వే చేస్తుంది. కౌళ్ల విధానం మీద ఎవరు మాట్లాడినా ఆ సర్వే తీయాల్సిందే.

2017లో టెలికాం కోడ్ మారి మొబైల్ టవర్ల అద్దెలు ఎలా పడిపోయాయో మీ ఆఫీసులో అడగండి. అలాంటి మార్పు వచ్చిన వారంలో చేతికి ఏదో ఒక నోట్ దొరకాలి, మనం ఒక్కొక్కరం చట్టం చదివి అర్థం చేసుకునేలోపు రైతు సంతకం పెట్టేస్తాడు.

జొన్నచేను

అమెరికా నుంచి ఒక్క ముక్క. ఇక్కడ ఏఎస్‌ఎఫ్‌ఎంఆర్‌ఏ అని 1929 నుంచి ఉంది, పొలాలు మేనేజ్ చేసేవాళ్లూ రూరల్ అప్రైజర్లూ కలిసిన సంఘం, వాళ్లిచ్చే అర్హత పేరు ఏఆర్‌ఏ (అక్రెడిటెడ్ రూరల్ అప్రైజర్). ఇక్కడ తేడా ఏంటంటే అప్రైజర్‌కి రాష్ట్రం లైసెన్స్ ఇస్తుంది, అది లేకుండా బ్యాంకు పని చేయలేం. అయినా జనం ఏఆర్‌ఏ కోసం ఎందుకు కష్టపడతారంటే, లైసెన్స్ వచ్చినంతమాత్రాన నేల చదవడం రాదు. నేను అయోవాలో పని చేస్తాను. పక్కపక్క చేలు, ఒకదానికి మొక్కజొన్న పండే శక్తి స్కోరు 85, ఇంకోదానికి 60, రోడ్డు మీంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మొదట్లో నేను ఒకదాని అమ్మకం ధరని ఇంకోదానికి పోలికగా వాడబోతే సంఘం కోర్సులో పాఠం చెప్పినాయనే ఆపారు.

గడ్డివాము

అందరికీ చాలా థాంక్స్. లెక్కల పుస్తకం అక్కా, మీరు చెప్పిన ఆ ఆవిడ సంగతి చదివాక నిజంగా మనసు మారింది. రేపు ప్రొబేషనర్ ఫారం ఇచ్చేస్తాను, ఏపీసీ ముందు పూర్తిచేసి తర్వాతే పరీక్షకి కూర్చుంటాను, ఏటిగట్టు గారి మాట కూడా వింటాను. ఆఖరి ప్రశ్న, పరీక్షకి ఇప్పటినుంచే ఎలా తయారవ్వాలి? పశువుల బరువు చూసి చెప్పడం నాకు అస్సలు రాదు.

లెక్కల పుస్తకం

మంచి నిర్ణయం తమ్ముడూ. రాత పేపర్లు ఉంటాయి, ప్రాక్టికల్, ఓరల్ ఉంటాయి. రాత దానికి 1986, 1995 చట్టాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు, ఏ కౌలు దేని కిందికి వస్తుందో తేదీ చూడగానే చెప్పగలగాలి. వారసులకి దక్కే హక్కు ఉన్న పాత కౌళ్లకి హద్దుగా పెట్టిన 1984 జులై 12 తేదీ మర్చిపోకు.

బరువు విషయం పుస్తకంలో రాదు. వారానికి ఒక్కరోజు మీ దగ్గరి పశువుల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లు. రింగు పక్కన నిలబడి ప్రతి పశువూ లోపలికి రాగానే బరువు, ధర నీ నోట్‌బుక్‌లో రాసుకో, తర్వాత పైన బోర్డు మీద పడే బరువు చూడు. మొదటి నెల వంద కిలోలు తేడా వస్తుంది. నాకు నాలుగో నెలకి ముప్ఫై కిలోల లోపుకి వచ్చింది. గొర్రెలకి చూపు సరిపోదు, ఉన్ని మోసం చేస్తుంది, నడుం మీద చెయ్యి వేసి ఎముక ఎంత తగులుతుందో చూడాలి, రైతుని అడిగితే ఎవరూ కాదనరు. మీ సార్ ఈ చలికాలం స్టాక్ వాల్యుయేషన్‌కి వెళ్లినప్పుడు టేపు ఆయన చేతికిచ్చి అంకె నువ్వు ముందు చెప్పు, తర్వాత ఆయన్ని చెప్పమను.